అన్నం ఉడికేదాకా

బాబాయి పోయాడని పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను తుష్నాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చే బస్సులో ఉన్నాను. పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుంటూ మంచం మీద కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. పిన్ని ఇదంతా ఏడవకుండానే చెప్పింది. చివర్న మాత్రం, "రెండో గుండీ పెట్టుకుంటన్నారే, అంతలోనే" అని ఆగిపోయింది.

జంగ్లీఘాట్‌లో బాబాయి వాళ్లిల్లు చేరేసరికి వాకిలి నిండా జనం. నేను చెప్పులు విప్పుతుండగానే, బాబాయితో పాటు పడవలో పనిచేసిన ఒకాయన నన్ను పక్కకి పిలిచాడు.

"లివరా దీదీ?"

కాదు, గుండె అన్నాను.

"అవునా. అప్పట్లో బాగా తాగీవోడు కదా. అందుకని అడిగినాను."

మర్నాడు సమాధి దగ్గర మా చర్చి సంఘ పెద్ద మాట్లాడాడు. "ఈ సహోదరుడు సునామీ తర్వాత తాగుడులో పడిపోయాడు. ఒక్క రోజున, ఒక్క ప్రార్థనతో ప్రభువు ఇతన్ని విడిపించాడు. ఆ తర్వాత మందు ఊసే ఇతనికి గుర్తు రాలేదు" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు.

ఒకాయన లెక్కలో మా బాబాయి తాగుబోతు, అంతే. ఇంకొకాయన లెక్కలో ఆయన తాగుడు మంచులా దానంతటదే కరిగిపోయింది. రెండూ అబద్ధాలే. ఈ రెండు అబద్ధాల మధ్య ఆయన పడ్డ కష్టమంతా ఎవరికీ కాకుండా పోతుందని నాకు ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

బాబాయి మా నాన్నకి తమ్ముడు. మా ఇల్లు తుష్నాబాద్‌లో. కాలేజీ చదువుకి జంగ్లీఘాట్‌లో వాళ్లింట్లో చేరిన నేను, టీచరు ఉద్యోగం వచ్చాక కూడా చాలా ఏళ్లు అక్కడే ఉన్నాను. బాబాయి సర్కారు పడవలో ఇంజను నడిపేవాడు. సునామీ వచ్చేనాటికి ఆయనకి మందు రుచి తెలియదు. క్రిస్మస్ మర్నాడు, ఆదివారం పొద్దున్న భూమి ఊగి, నీళ్లు జెట్టీ దాటి పైకి వచ్చినప్పుడు, ముందురోజు కట్టుకున్న కొత్త బట్టల్లోనే పరుగెత్తి వెళ్లాడు. ఆ తర్వాత పడవని దక్షిణపు ద్వీపాల వైపు పంపారు. మొదట బతికున్నవాళ్లని తెచ్చారు. తర్వాత బతికిలేనివాళ్లని తీసే పని కూడా పడవ మనుషులకే అప్పజెప్పారు.

ఆ పని ఎలా చేయాలో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. చేతులకి తొడుగులు చాలా రోజుల తర్వాత వచ్చాయి. రమ్ము మాత్రం మొదటి సాయంత్రమే వచ్చింది.

"నాకు అలవాటు లేదు సాబ్" అన్నాడట బాబాయి.

"ఈ పని మాత్రం ఎవడికి అలవాటు? పీలే. తాగకపోతే రేపు నువ్వు పడవెక్కలేవు" అన్నాడట పై అధికారి.

ఆ పైవాడి పేరు నేను రాయను. రాస్తే తప్పంతా ఒక్క మనిషి మీదికి పోతుంది. అది ఒక్క మనిషి చేసింది కాదు. ప్రతి సాయంత్రం గ్లాసులు వరసగా పెట్టి పోశారు. ఆ పని చేసినవాళ్లకి కావలసింది పక్కన కూర్చుని మాట్లాడే మనిషి, కొన్నాళ్ల సెలవు, కడుపునిండా తిండి. వాటన్నిటికీ బదులు ఒక సీసా ఇచ్చారు. పని పూర్తయ్యాక ఆ సీసా రావడం మానేసింది. దాహం మాత్రం బాబాయి వెంట ఇంటికి వచ్చేసింది. అప్పుడు పోసినవాళ్లే తర్వాత డ్యూటీలో తాగాడని ఆయన్ని నిలబెట్టి తిట్టారు.

ఆయన తాగిన ఏళ్ల గురించి నేను చెప్పను. అది చెప్పేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు.

ఒకరోజు హార్బరు దాటించే పడవలో, ఇంజను వెనక్కి తిప్పాల్సిన చోట ముందుకు వేశాడు. పడవ జెట్టీని గుద్దుకుంది. లోపల నిలబడ్డ ముసలమ్మ ఒకావిడ కింద పడింది. దెబ్బలేమీ తగల్లేదు. పైగా ఆవిడే లేచి, "నువ్వు బాగున్నావా నాయనా" అని బాబాయిని అడిగిందట. బాబాయి ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "రేపు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెల్లు" అన్నాడు పిన్నితో. పిన్ని మర్నాటిదాకా ఆగలేదు. ఆ పూటే తీసుకెళ్లింది.

అంత తాగేవాళ్లు సొంతంగా ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చని డాక్టరమ్మ చెప్పి, ఆసుపత్రిలో ఉంచుకుని మందులిచ్చింది. పంపించేటప్పుడు ఒక మాట చెప్పింది. "మళ్లీ తాగాలనిపిస్తుంది. అది వస్తుంది, పెరుగుతుంది, కాసేపుండి పోతుంది. ఆ కాసేపు ఏం చేస్తారో ఇప్పుడే అనుకోండి."

బాబాయి అనుకున్న ఉపాయం అన్నం వండడం.

మా ద్వీపాల్లో సాయంత్రం ఐదింటికల్లా చీకటి పడిపోతుంది. ఆయనకి ఆ వేళే గండం. జెట్టీ నుంచి ఇంటికి దగ్గర దారిలో బారు ఉంది. ఆ దారి వదిలేసి, ఎత్తు రోడ్డు ఎక్కి, చుట్టూ తిరిగి, రొప్పుతూ వచ్చేవాడు. రాగానే కాళ్లు కడుక్కుని, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేవాడు. అప్పటికే పిన్ని వండేసి ఉండేది.

"అన్నం ఉంది కదండీ. ఇదెవరు తింటారు?"

"తినడానికి కాదే. ఉడకడానికి."

కుక్కరు వద్దనేవాడు, తొందరగా అయిపోతుందని. సన్నటి మంట పెట్టి, గిన్నె పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. చెమటకి బనీను ఒంటికి అతుక్కునేది. గరిటెతో మెతుకు తీసి నలుపుదామంటే వేళ్లు వణికి మెతుకు జారిపోయేది. నాలుక పీకేస్తోందని పైకే చెప్పేవాడు. "అన్నం ఉడికేదాకా ఆగుతాను. ఆ తర్వాత సూద్దాం" అనేవాడు. జీవితాంతం తాగనని ఆయన ఎప్పుడూ ఒట్టు పెట్టలేదు. గంజి వార్చేసరికి ఒక్కోసారి ఆ యావ తగ్గేది. తగ్గకపోతే ఇంకో గిన్నె పెట్టేవాడు. వార్చిన గంజిలో ఉప్పు వేసి, నిమ్మకాయ పిండుకుని తాగేవాడు. ఆ రోజుల్లో మేం పొద్దున్న చద్దన్నం, మధ్యాహ్నం పులిహోర తిన్నాం. మిగిలింది కోళ్లకి వేశాం. పక్కింటి బెంగాలీ దీదీ గోడ మీంచి గిన్నె అందుకుంటూ, "ఆజ్ భీ చావల్?" అని, ఇవాళ కూడా అన్నమేనా అన్నట్టు నవ్వేది. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఆవిడకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

నేను మాత్రం ఒకరోజు అడిగాను, అన్నమే ఎందుకు బాబాయ్, టీ పెట్టుకోవచ్చు కదా అని. ఆయన గిన్నె వైపే చూస్తూ చెప్పాడు.

"మందు మానీసినాక ఆ వాసన తిరిగొచ్చీసిందమ్మా. పడవలోది. తాగినన్నాళ్లూ మందు దాన్ని మూతేసి ఉంచింది. ఇప్పుడు మూత లేదు. అన్నం ఉడుకుతుంటే అది కాసేపు ఎనక్కి ఎల్తాది."

ఆయన్ని తాగుబోతన్నవాళ్లు ఊళ్లో లెక్కలేనంతమంది. ఎందుకు తాగుతున్నావని కూర్చోబెట్టి అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. నేనూ అదే ఇంట్లో ఉండి, అన్నం గురించి అడగబోతే అది బయటపడింది.

పడవ మీద కాకుండా ఒడ్డున వర్క్‌షాపులో పని ఇమ్మని బాబాయి ఆఫీసులో అడిగాడు. డీజిలు, తడిసిన చెక్క కలిసిన ఆ వాసన తగలగానే అన్నీ గుర్తొస్తున్నాయని చెప్పాడు. "శరాబీకి లైట్ డ్యూటీ కావాలంట" అని పైవాడు అందరి ముందూ అన్నాడట. అందరూ నవ్వారట. ఇంటికి వచ్చి బాబాయి మాకు ఆ మాట మామూలుగా చెప్పి, బియ్యం డబ్బా మూత తీశాడు. నాకు ఏడుపొచ్చింది.

"నీకు కోపం రాదా బాబాయ్?"

"కోపమొస్తే నాలుక పీకుతాదమ్మా. నాకు కోపం కూడా మందే. అందుకే దాన్ని కూడా మానీసినాను."

కోప్పడే హక్కు ఆయనకుంది. దాన్ని కూడా వదులుకుంటే తప్ప ఆయన బతకలేని పరిస్థితి. ఆయన పడని కోపమంతా ఇప్పుడు నేను పడుతున్నాను.

అన్నిటికంటే నన్ను మండించేది ఒక పెళ్లి. పడవలో పనిచేసే ఒకాయన కూతురి పెళ్లి. బాబాయి మానేసి కొన్ని నెలలైంది. వెళ్లొద్దంది పిన్ని. ఆడపిల్ల పెళ్లికి వెళ్లకపోతే బాగోదన్నాడు. అక్కడ స్నేహితులు చుట్టూ చేరి, "అరే భయ్యా, ఒక్క పెగ్గుకి ఏటైపోతాది" అని బతిమాలారు. వద్దన్నాడు. సరే, కూల్ డ్రింకైనా తాగమని గ్లాసు చేతిలో పెట్టారు. అందులో రమ్ము కలిపి ఉంది. ఆయన నిజంగా మానాడో లేదో చూద్దామని సరదాకి కలిపారట. నోట్లో పోసుకోగానే తెలిసి ఉమ్మేశాడు. భోజనం కూడా చేయకుండా, ఆ ఎండలో అంత దూరం నడిచి ఇంటికొచ్చి, బియ్యం పెట్టాడు. ఆ రోజు ఎన్ని గిన్నెలు దించాడో మాకు తెలుసు. కానీ నాలుకకి తగిలింది తగిలింది. మర్నాడు బారు ఉన్న దారినే వచ్చాడు.

వారం తిరక్కుండా ఆ కలిపినవాళ్లే, "చెప్పలేదా, వీడు మానలేడని" అని అబర్డీన్ బజార్‌లో చెప్పుకున్నారు. మనిషిని నీళ్లలోకి తోసి, ఈత రాదని నవ్వడం కాదూ ఇది?

పిన్ని మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లింది. తిరిగొచ్చిన సాయంత్రం బాబాయి పొయ్యి దగ్గరకి రాలేక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పిన్నే బియ్యం కడిగి, గిన్నె పెట్టి, గరిటె ఆయన చేతికిచ్చింది. "మీరు ఊరికే సూడండి. నేను మంట సూసుకుంటాను" అంది. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ మళ్లీ తాగలేదు. ఒక్క ప్రార్థన అంటాడు సంఘ పెద్ద. బాబాయి ప్రార్థన చేసుకున్నాడు, నిజమే. ప్రార్థన చేసుకుంటూనే వణికాడు కూడా.

ఇక ఆ సంఘ పెద్ద సంగతి. మా చర్చిలో నెలకోసారి ప్రభు భోజనం ఇచ్చేటప్పుడు ప్రభువు రక్తానికి గుర్తుగా చిన్న గ్లాసుల్లో ద్రాక్షారసం పోసేవారు. మత్తు ఉన్నదే, సీసాలో కొన్నది. బాబాయి మానేశాక ఆ ఆదివారాల్లో అది పంచే బల్ల దగ్గరికి వెళ్లకుండా వెనక బెంచీలో ఉండిపోయేవాడు. బల్లకి రాలేదంటే లోపల ఏదో పాపం దాచుకున్నాడని జనం గుసగుసలు. చివరికి సంఘ పెద్ద ఇంటికి వచ్చాడు.

"ప్రభువు రక్తంలో మత్తేంటి? నీకు విశ్వాసం ఉంటే ఏమీ కాదు."

"విశ్వాసం ఉందండి" అన్నాడు బాబాయి. "ముక్కు కూడా ఉంది. ఆ వాసన దానికి తెలుస్తాది."

"అంటే ప్రభువు నిన్ను కాపాడలేడా?"

బాబాయి లేచి వంటింట్లోకి వెళ్లాడు. బియ్యం కడుగుతున్న చప్పుడు వినిపించింది. అప్పుడు పిన్ని, ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడని మనిషి, సంఘ పెద్ద ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆయన్ని కాపాడతన్నది ప్రభువే. మద్దెలో అడ్డమొస్తన్నది మీరు."

ఆ తర్వాతి ప్రభు భోజనానికి పిన్ని కిస్మిస్ నానబెట్టి, ఉడికించి, వడగట్టి, స్టీలు క్యానులో పోసుకుని చర్చికి తీసుకెళ్లింది. సంఘ పెద్ద వద్దన్నాడు. కావాలంటే మీ ఆయనకి ఒక్కడికీ వేరే గ్లాసు పెడతామన్నాడు. "ఆయన ఒక్కడికీ ఏరేగా పెడితే అందరూ ఆయన్నే సూస్తారు. పెడితే అందరికీ పెట్టండి, లేకపోతే వద్దు" అని క్యాను తిరిగి పట్టుకొచ్చేసింది. అలా ప్రతి నెలా తీసుకెళ్లింది, ప్రతి నెలా తిరిగి తెచ్చింది. మేం ఇంటిదగ్గర ఆ రసం తాగేవాళ్లం. చర్చికి కొత్త పాస్టరు అయ్యగారు బదిలీ మీద వచ్చినప్పుడు కూడా అలాగే పట్టుకెళ్లింది. ఆయన ఆవిడ చెప్పింది మొత్తం విన్నాడు. క్యాను మూత తీసి చూశాడు. "అందరికీ ఇదే పోయండి" అన్నాడు. సంఘ పెద్ద ఆ రోజు చాలాసేపు నసిగాడు గానీ, అయ్యగారు వినలేదు.

ఆ ఆదివారం బాబాయి వెనక బెంచీలోంచి లేచాడు. ఆయనతోపాటు, ఏళ్ల తరబడి బల్లకి రాని మగవాళ్లు కొందరు, తలలు వంచుకుని, ఒక్కొక్కరే వెనక నుంచి లేచి నడవలోకి వచ్చారు. వాళ్లు ఎందుకు రావడం లేదో మాలో ఎవరూ అంతవరకూ ఆలోచించలేదు. బాబాయి పిన్ని పక్కన మోకరించాడు. గ్లాసు చేతికి రాగానే తాగలేదు. ముందు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, నెమ్మదిగా వాసన చూశాడు. అప్పుడు తాగాడు. ఆ వరస వాళ్లంతా లేచి వెళ్లిపోయారు. తర్వాతి వరస వచ్చి వెనక నిలబడింది. బాబాయి ఖాళీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని అలాగే మోకాళ్ల మీద ఉన్నాడు. పిన్ని కూడా లేవలేదు. వెనకున్నవాళ్లు కదలకుండా నిలబడి వాళ్ల కోసం ఆగారు.