తూముకు వేసిన తలుపు

మా ఊరి చెరువు ఎవరిదో తేల్చమని నేను రాసిన ఉత్తరాలన్నీ పరిస్తే చెరువుకట్ట పొడుగునా వచ్చేవి. అరవైల మొదట్లో, పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలో, నేను పంచాయతీ గుమాస్తాను. చెరువు కింద సాగయ్యే భూమి ఒక హద్దు దాటితే ఆ చెరువు ఇంజినీరు ఆఫీసుది, దాటకపోతే సమితిది. మా చెరువు ఇంజినీరు ఆఫీసు కాగితాల్లో చిన్నది, సమితి కాగితాల్లో పెద్దది. కాబట్టి ఇద్దరిదీ కాదు.

తూమును మూసే చెక్క పుచ్చిపోయిందనీ, వానొస్తే నీళ్లు నిలవవనీ మొదటిసారి రాసిననాడు చెరువులో చుక్క లేదు. మధ్యలో గొర్రెలు మేస్తున్నాయి. ఏడాదిన్నరకు ఓవర్సీరు వచ్చాడు. ఎండిన చెరువును కలయజూసి, నీళ్లే లేనప్పుడు తూముకేం తొందరని నన్ను అడిగాడు. పై అధికారి కదా అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్లు మండుతుంది.

మరుసటి ఏడు ఉత్తర కార్తెలో కుందుర్పి దిక్కునుంచి మబ్బు కమ్ముకుని మూడు రోజులు విడవకుండా కురిసింది. మూడేళ్ల తర్వాత చెరువులోకి నీళ్లొచ్చాయి. ఊరంతా కట్ట మీదే. సంతోషం ఒక పూటే నిలిచింది. పుచ్చిన చెక్క ఊడిపోయి, వచ్చిన నీళ్లు వచ్చినట్టే తూములోంచి కాలువ గుండా వంకలో పడి పోసాగాయి. నేను బస్సెక్కి సమితి ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడి అధికారి నా కాగితం నింపాదిగా చదివాడు. నీళ్లున్నప్పుడు తూమును తనిఖీ చేయడం కుదరదట. చెరువు ఖాళీ అయ్యాక మళ్లీ రాయమన్నాడు.

మర్నాడు పొద్దున్నే పంచాయతీ ఆఫీసులో మీటింగు. ఇంకో తీర్మానం రాయమన్నాడు ప్రెసిడెంటు. నేను పుస్తకం తెరిచాను. సభ్యుల్లో ఒక ఆడమనిషి ఉండేది. ఆడవాళ్లు ఒకరుండాలన్న రూలు కోసం పెట్టుకున్న సభ్యురాలు. మొగుడు పోయాక ఆయకట్టు చివర ఉన్న చిన్న మడిని ఒంటిచేత్తో సాగు చేసుకునేది. రెండేళ్లుగా వాకిలి పక్కన కూర్చుని, నేను చూపించిన చోట వేలిముద్ర వేసి పోవడమే తప్ప నోరు తెరిచింది లేదు. ఆ రోజు తెరిచింది.

“నువ్వు అది రాసేలోగా నీళ్లు యాడుంటాయప్పా?”

ప్రెసిడెంటు విసుక్కున్నాడు. “గవర్నమెంటు తూము అక్కా అది. మనం చెయ్యి పెడితే కేసయితాది. కోర్టు సుట్టూ ఎవురు తిరగల్ల?”

ఆమె పక్కనున్న తలుపు మీద చెయ్యేసి నన్ను అడిగింది.

“ఈ తలుపు ఎవురిదప్పా?”

“పంచాయతీది” అన్నాను.

“అంటే మనదే గదా. దీన్ని పీకితే ఏ కేసూ ల్యాదు గదా.”

ఆమె లేచి బయటికి పోయి, నీరుగంటిని పిలుచుకొచ్చింది. చెరువు నీళ్లను మళ్లకు పంచే మనిషి అతను, అరవై దాటినవాడు. ఇద్దరూ కలిసి ఒక రెక్కను బందుల నుంచి ఊడదీశారు. నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

నీరుగంటి నడుముకు తాడు కట్టుకుని, తలుపు రెక్కతో నీళ్లలో దిగాడు. తెరిచిన తూము మనిషిని లోపలికి లాగేస్తుంది. కట్ట మీద తాడు పట్టుకున్నవాళ్లలో ఆమే ముందుంది. మొదటిసారి మునిగి, భుజం చీరుకుపోయి పైకొచ్చాడు. వద్దన్నారు. వినకుండా మళ్లీ మునిగాడు. ఎంతసేపటికీ రాలేదు. ఆమె తాడు లాగమని అరిచేసరికి కట్ట అవతల కాలువలో నీళ్ల మోత ఒక్కసారిగా తగ్గింది. నీటి ఒత్తిడికి రెక్క తూముకు అతుక్కుపోయింది. అతన్ని తాడుతో పైకి లాగాక, సందుల్లో బంకమట్టీ గడ్డీ కూరారు. పైరుకు కావలసినప్పుడల్లా ఒక సందు తెరిచి నీళ్లు వదిలారు. ఆ ఏడు చివరి మడి దాకా వరి పండింది.

తూము సంగతి రెండేళ్లు పట్టని సమితికి తలుపు సంగతి పది రోజుల్లో తెలిసింది. ప్రభుత్వ నిధులతో కట్టిన భవనానికి ఒక రెక్క ఎందుకు లేదో సంజాయిషీ ఇవ్వమని మెమో వచ్చింది. నేను నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ చించేశాను. చివరికి అధికారే విచారణకు వచ్చాడు. ప్రెసిడెంటు మాటలు నములుతుంటే ఆమే ముందుకొచ్చింది. “నేనే తీపిచ్చినా సామీ. చెరువులోనే ఉండాది. మునిగి సూస్కోండి” అంది. అధికారి మునగలేదు. రాసుకుని పోయాడు.

నీరుగంటి కుడిచెయ్యి మళ్లీ భుజం పైకి లేవలేదు. అతనికి ఏదైనా సాయం చేయాలని మీటింగులో ఆమె అడిగితే, అలాంటి పద్దు లేదన్నారు. కోతలయ్యాక ఆ ఎండాకాలమంతా ఆమే తన మడిలోని వడ్లు దంచి అతనింటికి పంపింది. గడువు ముగిసి కొత్త పంచాయతీ ఏర్పడినప్పుడు ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. కొత్త సభ్యుల పేర్ల జాబితా రాసింది నేనే. ఆమె పేరేదని ఒక్క మాట అడిగి ఉండవచ్చు. అడగలేదు.