పక్క జాగకు నంబర్

మా అమ్మకు కోపమొస్తే మాట్లాడదు, చాట ముంగటేసుకొని బియ్యం చెరుగుతది. ఇప్పటి ప్యాకెట్ బియ్యంల రాయనేదే ఉండది, అయినా చెరుగుతది. ఎయిర్‌పోర్టు ముచ్చట బయటికొచ్చిన దినం మన్సూరాబాద్‌ల మా కిరాయి ఇంట్ల ఉన్న బియ్యమంత చెరిగి పెట్టింది.

ముచ్చటేందంటే, పట్నానికి గంత దూరంల, మా అమ్మోళ్ల ఊరి దిక్కు కొత్త ఎయిర్‌పోర్టు కడ్తరట. ఎల్బీ నగర్ చౌరస్తల చాయ్ బండికాడ రెండు పార్టీలైనయ్. మా ఆయన క్యాబ్ నడుపుతడు. ఆయనా, ఆయన దోస్తులూ రావాల్సిందే అంటరు. ఊరి బస్సుల దిగెటోళ్లేమో, "గంత దూరం ఎవడొస్తడు, గా విమానం ఎక్కనీకి ఇంకో విమానం పెట్టాలె" అంటరు. నాకైతే ఆ లొల్లి ఇంటుంటే మస్తు టైంపాస్ అయ్యేది.

అమ్మ పరేషాన్ భూమి గురించి కాదు. ఊర్ల మాకు గుంటెడు జాగ లేదు. ఉన్నదల్లా సమాధుల తోటల నాయన సమాధి, దాని పక్కన అమ్మ తన కోసం ఆపుకున్న జాగ. నాయన పోయిన ఏడే నాలుగు మూలలకు నాలుగు రాళ్లు పాతించి, ఇది నాది, ఇందులకు ఎవ్వరు రావొద్దని సంఘం పెద్దలకు చెప్పి పెట్టింది. ప్రతి ఈస్టర్‌కు పొద్దుగాల్నే పోయి నాయన సమాధికి సున్నమేస్తది, మిగిలింది తన రాళ్లకు పూస్తది. గా తోట గూడ ఎయిర్‌పోర్టుల పోతదని తెల్సినంక ఆమెకు బుక్క దిగలే.

"ఆయన్నొక తాన పెట్టి, నన్ను నాగోల్ దిక్కు ఏడనో పెడితే ఎట్ల బిడ్డా?" అన్నది. నాకు నవ్వొచ్చింది గని, ఆమె కండ్లు చూసి ఆపుకున్న.

ఊర్ల గ్రామసభ పెట్టిన రోజు మా ఆయన క్యాబ్‌లనే పోయినం. కావాలనే అల్లుడు, వద్దనే అత్త, తొవ్వ పొడుగూత ఇద్దరు మూతులు ముడుచుకునే ఉన్నరు.

సభల ఆఫీసరు ఆంధ్ర దిక్కు మనిషి, మంచిగనే చెప్పిండు. "ఇంకా ఏదీ ఖాయం కాలేదండి. ఒకవేళ వస్తే సమాధుల్ని గౌరవంగా వేరే చోటికి మారుస్తాం. ముందు లిస్టు రాసుకుంటున్నాం."

అమ్మ లేచింది. "నన్ను గూడ రాస్కోండ్రి సారూ. మా ఆయన పక్కనే."

ఆఫీసరు కాయితాలు తిరగేసిండు. "అక్కడ ఖాళీ స్థలమే ఉందమ్మా. ఎవరూ లేరు కదా."

"నేనున్న గద సారూ."

సభంత నవ్వింది. అమ్మ నవ్వలే, కూసోలే. ఎనక కూసున్న మా ఆయన లేచిండు. "రాయుండ్రి సార్. ఎయిర్‌పోర్టు ఏడనన్న కట్టుండ్రి గని, మా అత్తమ్మను మామ పక్కనుంచి జరపొద్దు" అన్నడు. గా మనిషి మీద గంత ప్రేమ నాకు పెండ్లినాడు గూడ రాలే. ఆఫీసరు రాసుకున్నడు.

ఎయిర్‌పోర్టు సంగతి ఇప్పటికీ తేలలే. చాయ్ బండికాడ లొల్లి నడుస్తనే ఉంది, మా ఆయన ఇంకా కావాల్సిందేననే అంటుండు. గని సర్వేయోళ్లొచ్చి సమాధులన్నిటికీ ఎర్ర రంగుతోని నంబర్లేసి పోయిండ్రు. మొన్న ఈస్టర్‌కు పోతే నాయన సమాధి మీద పదిహేడు అని ఉంది. అమ్మ రాళ్లల్ల ఒకదాని మీద, జర చిన్నగ, పదిహేడు బై ఒకటి.

అమ్మ గా నంబర్ మీద సుక్క సున్నం పడకుంట, సుట్టూతనే పూసుకుంట ఒచ్చింది. గంత జాగ్రత్త ఎందుకమ్మా అని అడిగిన. కుంచె బకెట్ల పెట్టి, కొంగుతోని రాయి తుడిసింది.

"దిల్‌సుఖ్‌నగర్ల, మన్సూరాబాద్‌ల ఇన్నేండ్లు కిరాయి ఇండ్లల్లనే ఉంటిని బిడ్డా. నా పేరు మీద ఇంటి నంబరొచ్చుడు గిదే మొదటిసారి."