తీపి దిగేదాకా

మా తోడికోడలికి అరిసెలంటే ప్రాణం. షుగరొచ్చాక డాక్టరు తీపి మాన్పించి, పూటకు రెండు ముద్దల అన్నం చాలన్నాడు. అప్పట్నించి మిరపచేలో మధ్యాహ్నం ఉత్త అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని నమిలేది. చుట్టూ ఎర్రటి చేను కూడా కునుకు తీస్తున్నట్టుండేది.

"ఎంతసేపే బర్రెలాగా? కాయలు నీకోసం ఆగుతాయా?"

"తీపి దిగుతోందక్కా, ఉండు."

ఓసారి కాలేజీలో చదివే మా మనవరాలు వింది. "ఉమ్మి అన్నాన్ని చక్కెరగా మారుస్తుంది చిన్న మామ్మా. పేగులో మాల్టేజు అనే ఎంజైము దాన్ని విరిచి గ్లూకోజు చేస్తుంది. అదీ షుగరే."

తోడికోడలి చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఇదీ మానెయ్యాలా అక్కా?"

"డాక్టరు తినమన్న ముద్దేగా. నములు."

మళ్లీ కళ్లు మూసుకుంది.

ఇప్పుడామె లేదు. చేలో ఉత్త అన్నం నోట్లో పెట్టుకుంటే నా కళ్లూ మూసుకుపోతాయి. కాయలు ఆగుతాయిలే.