అత్తమ్మ కట్టెలు, మా కరెంటు

ఊరూరూ తిరిగి కట్టెను వెనకేసుకురావడం నా ఉద్యోగం. హసన్‌పర్తి దాటాక కట్టెలు కాల్చి కరెంటు తీసే చిన్న ప్లాంటు ఉంది. అక్కడ రైతులతో మాట్లాడే పని నాది. పత్తి కట్టెను చేలోనే తగలబెట్టకండి, మాకివ్వండి. గట్ల మీద సుబాబుల్ పెట్టండి, కొట్టినా మోడు మళ్లీ చిగురిస్తుంది. చెట్టు పెరిగేటప్పుడు గాలిలోంచి తీసుకున్న కార్బన్‌నే కాలేటప్పుడు తిరిగిస్తుంది, బొగ్గు అట్లా కాదు. ఈ మాటలు నిద్రలో కూడా అంటానని మా ఆయన ఫిర్యాదు. అన్నా తప్పులేదు, వాటిని నేను నిజంగా నమ్ముతాను.

ఇంటికొస్తే మాత్రం కట్టెకు నేనే బద్ధశత్రువును. అత్తమ్మకు ఆయాసం. కట్టెల పొయ్యి పొగ మానకపోతే ఊపిరితిత్తులు దక్కవని దవాఖానలో డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె గ్యాసు ముట్టదు, పేలుతుందని భయం. పైగా రోజూ గిన్నప్ప ఉండాలి. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు కలిపి, గుండ్రటి గిన్నె లోపల అద్ది కాల్చే రొట్టె అది. చివరికి ఇండక్షన్ పొయ్యి కొనుక్కొచ్చాను. గుండ్రటి గిన్నె దాని మీద అటూ ఇటూ ఊగింది. పొయ్యి రెండుసార్లు కీచుమని ఆగిపోయింది.

“ఇది దేనితోని నడుస్తది?” అంది అత్తమ్మ.

“కరెంటుతో. మా ప్లాంటు కరెంటే అనుకో.”

“అంటే గాడ కట్టెలు కాలవెట్టి, గా కరెంటు తీగల మీద గీడికి తెచ్చి, మళ్ల పొయ్యే ముట్టిస్తరా? నడుమ గింత తిప్పలెందుకే పిల్లా? నేను గీన్నే కాలవెడ్త గద!”

నేను బాయిలరు, టర్బైను అంటూ మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాను. ఒళ్లు మండిపోయింది, ఎందుకంటే ఆ ఒక్క గిన్నప్ప వరకు ఆమె మాటే నిజం.

ఇంతలో ఒక బుధవారం ప్లాంటు చూడ్డానికి బ్యాంకు వాళ్లు వస్తున్నారన్నారు. వారంగా వాన. యార్డులో కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి, బాయిలరు రాజుకోవడం లేదు. ఎండు కట్టె ఎక్కడైనా దొరుకుతుందా అని మేనేజరు సారు తల పట్టుకున్నాడు. నాకు తెలిసిన ఎండు కట్టె ఒక్కచోటే ఉంది. మా పెరట్లో, రేకుల కింద, బెరడు పైకి వచ్చేలా, గాలాడే సందులిచ్చి అత్తమ్మ పేర్చుకున్న సర్కారు తుమ్మ. ప్లాంటు మండుతుంది, ఇంట్లో పొగ ఆగుతుంది అనుకున్నాను. ఆమె చర్చిలో ఆడవాళ్ల ప్రార్థనకు వెళ్లగానే ట్రాక్టరు తెప్పించాను. దొంగతనమే, ఒప్పుకుంటాను. తేమ చూసే మీటరు గుచ్చిన ఆపరేటరు ఆ కట్టెకు దండం పెట్టాడు. అత్తమ్మ మూడేళ్లుగా కూడబెట్టుకున్నది మా బాయిలరుకు ఒక పూట టిఫిను.

బ్యాంకు వాళ్లు టీ తాగుతుండగా గేటు ముందు ఆటో ఆగింది. ట్రాక్టరు ఎటు పోయిందో పక్కింటివాళ్లు చెప్పేసినట్టున్నారు. తెల్లచీర, చంకలో బైబిలు. “నా కట్టెలేవి?” అంటూ అత్తమ్మ దిగింది. కట్టెలమ్మే రైతమ్మ వచ్చిందనుకుని మేనేజరు సారు పొంగిపోయి, ఆమె నెత్తిన పచ్చ హెల్మెట్ పెట్టి, బ్యాంకు వాళ్లతో పాటు ప్లాంటంతా తిప్పాడు. నేను వెనకాల తలొంచుకుని నడిచాను. మంటలో తన కట్టెలను ఆమె గుర్తుపట్టింది. బయటికొచ్చాక తలెత్తి చూసింది.

“సారూ, గంత పొడుగు గొట్టమెందుకు?”

“పొగ పైకి పోవడానికమ్మా. మా పనివాళ్ల ముఖానికి తగలొద్దు కదా. మనిషి ఊపిరి ముఖ్యం మాకు.”

అత్తమ్మ హెల్మెట్ తీసి ఆయన చేతిలో పెట్టి, నా వైపు తిరిగింది.

“గిది నీకు ముందుగాలనే ఎరుకనా బిడ్డా?”

ఎరుకే. పన్నెండేళ్లుగా ఆ గొట్టం కిందే జీతం తీసుకుంటున్నాను. కట్టె మానమని ఆమెతో రోజూ పోట్లాడాను గానీ, ఆమె పొయ్యి మీద ఒక గొట్టం పెట్టాలని ఒక్కరోజూ తోచలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు కాజీపేట నుంచి రేకుల పనాయన వచ్చి, వంటింటి గోడకు కన్నం కొట్టి గొట్టం బిగించాడు. గంట కూడా పట్టలేదు. ట్రాక్టరు వదిలేసిన నాలుగు కట్టెలు ముట్టిస్తే పొగంతా బుద్ధిగా బయటికి పోయింది. పొయ్యి ముందు కూర్చున్న అత్తమ్మ మాత్రం ఇన్నేళ్లు మింగిన పొగకు దగ్గుతూనే ఉంది.