కుడిపక్క దొంగ

సిరిసిల్లలో నూలుకు గంజి పట్టే సందులోంచి ఆటో పోతుంటే, ఆ పులిసిన వాసనకు ఇప్పటికీ నా రెండు చేతులూ వాటంతటవే ఒళ్ళోకి వచ్చి మణికట్లు రుద్దుకుంటాయి. మొసలిపిల్లను చెంబులో పట్టి తెచ్చానని ఊరంతటినీ నమ్మించిన నోరు నాది. ఇది మాత్రం కోతలు కాదు.

మా వాడ ముస్తాబాద్ రోడ్డు మీద ఉండేది. ఎండలు ముదిరి, ఇప్పపూల మత్తు వాసన ఊళ్ళోకి వచ్చే రోజుల్లో మా క్రైస్తవుల శ్రమల నలభై రోజులు నడిచేవి. అమ్మ నీసు మానేసి, పొద్దంతా ఉపవాసముండి, దీపాలు పెట్టే వేళకు ఇంత మక్కగట్క, దానిలోకి చింతతొక్కు తినేది. ఉప్పూకారం అద్దిన పచ్చి మామిడికాయ ఉపవాసం కిందికి రాదని పిల్లలం మాలో మేమే తీర్మానం చేసుకున్నాం. శుభశుక్రవారం నాడు ఊరవతలి గుట్ట మీద యేసు నాటకం. అట్ట కత్తుల మోజుతో మగపిల్లలంతా రోమా సైనికులయ్యారు. యేసుకు చెరోపక్క సిలువ మీద ఉండే దొంగ వేషానికి ఎవరి తల్లీ ఒప్పుకోలేదు. చివరికి పన్నెండేళ్ళ ఆడపిల్లను, నాకు మసితో మీసం దిద్ది, పశ్చాత్తాపపడే కుడిపక్క దొంగను చేశారు. ఎడమపక్క దొంగ గడ్డి కుక్కిన బొమ్మ.

నడిమి సిలువ, యేసు వేషం, ఏలియా మామది. మామ అమ్మకు తమ్ముడు, సిరిసిల్లలో సాంచ నడిపేవాడు. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. ఆ నలభై రోజులూ గడ్డం, జుట్టు పెంచేవాడు. గంజి పట్టిన నూలు పోగులతో తాళ్ళు పేని తెచ్చి, లాగినకొద్దీ బిగిసే ముడితో మమ్మల్ని ఎలా కట్టాలో సైనికులకు తనే నేర్పాడు.

"మేకుల నొప్పే అనుకుంటరు అందరు," అన్నాడు సాధన చేస్తూ. "అసలు గోస ఊపిరిదే కోడలా. పీల్చుడు అలక, ఇడుసుడు కష్టం. ఇడువాల్నంటే గా మేకుల మీదనే లేసి నిలబడాలె. మళ్ళ జారుడు, మళ్ళ లేసుడు. పానం పొయ్యేదాక గంతే."

"దేవుడు గదా, ఎందుకు దిగిరాలే?"

"దిగొచ్చేటోడే. ఆయన దిగితే మనం ఎక్కాలె గదనే."

అవి అన్నల రోజులు. నక్సలైట్లను మా దిక్కు అన్నలనే అనేవాళ్ళం. ఆకలని వచ్చినవాళ్ళకు అన్నం పెడితే తెల్లారి పోలీసులు అడిగేవారు, పెట్టకపోతే అన్నలు అడిగేవారు. పెద్దవాళ్ళు నోళ్ళు కుట్టుకుని బతికేవారు. కుట్టు లేని నోరు నాదొక్కదే.

నాటకానికి రెండు రోజుల ముందు చక్కెర కోసం పోయి, బస్సులు ఆగే చోట హోటల్ ముందు నిలబడ్డాను. చాయ్ తాగుతున్నవాళ్ళు నన్ను పట్టించుకోలేదు. నాకది గిట్టదు.

"శుక్రవారం మూడు గొట్టంగ మా గుట్ట మీదికి అన్న అస్తుండు," అన్నాను.

గ్లాసులు ఆగాయి. "ఏ అన్ననే?"

"పేరు చెప్పద్దు. ఇంత గడ్డముంటది. ఎంబడి పన్నెండుమంది. అందుల ఒకడు అమ్ముడువోయిండు."

మేం పిలిచే యేసన్నలోంచి యేసును మింగేశానంతే. ఇంటికి వచ్చి మామకు చెబితే దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "గా మాట మళ్ళెక్కడ అనకు," అన్నాడు.

శుక్రవారం మూడింటికి ముగ్గురమూ సిలువల మీద ఉన్నాం. జనం పాట అందుకున్నారో లేదో, గుట్ట కింద నుంచి పోలీసులు ఎక్కి వచ్చారు. రోమా సామ్రాజ్యమంతా అట్ట కత్తులు పారేసి పరుగెత్తింది, వెనకే జనమూ చెదిరిపోయారు. మందిరం పాస్టరు, మా అయ్యగారు, సర్పంచ్ కోసం ఊళ్ళోకి ఉరికాడు. కట్టి ఉన్నవాళ్ళం మేమే మిగిలాం. ఒక కానిస్టేబుల్ ముందుగా గడ్డి దొంగను లాఠీతో పొడిచి, "ఈడు మాట్లాడ్తలేడు సార్," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ రోజుకు అదే చివరి నవ్వు.

"పన్నెండుమంది ఏరి?" అని వాళ్ళ సారు మామను అడిగాడు.

"నాటకం సార్. ప్రార్థన జేసుకునేటోళ్ళం."

"అన్న అస్తుండని ఖబర్ ఉన్నది. ఎవలు చెప్పిండ్రు గా మాట?"

మామ మెడ తిప్పి నన్ను చూశాడు. మళ్ళీ తిప్పుకున్నాడు. "నాకెర్క లేదు సార్."

లాఠీ పక్కటెముకల మీద పడింది. అడ్డం పెట్టుకోవడానికి చేతులు లేవు. దెబ్బ పడ్డప్పుడల్లా మామ కిందికి జారేవాడు, ఊపిరి వదలడానికి మునివేళ్ళ మీద లేచేవాడు, లేచిన చోట మళ్ళీ దెబ్బ. సాధనలో చెప్పినట్టే. నేను గుంజుకున్నకొద్దీ నా తాళ్ళ ముడులు బిగిశాయి.

"తప్పు నాది సార్!" అని అరిచాను. "ఈయన ఏం తప్పు జెయ్యలే! శిక్ష నాకు పడాలె!"

సారు మెచ్చుకోలుగా చూశాడు. "డైలాగు మంచిగ నేర్పిండ్రు పోరికి."

నిజమే, దొంగ వేషానికి నాకిచ్చిన మాటలు దాదాపు అవే. "నాటకం గాదు సార్, నిజంగనే!" అన్నాను. మసి మీసం కన్నీళ్ళతో నోట్లోకి కారుతోంది. కానిస్టేబుళ్ళు ఇంకా నవ్వారు.

అయ్యగారు సర్పంచ్‌ను వెంటబెట్టుకుని వచ్చేసరికి ఎండ వాలిపోయింది. ముడులు ఊడక తాళ్ళను కొడవలితో కోశారు. మామ ఎడమ చెయ్యి తనది కానట్టు వేలాడింది.

ఆ సాయంత్రం అమ్మ ఉప్పు వేయించి బట్టలో కట్టి కాపడం పెట్టి, పొయ్యి దగ్గరికి పోయాక అడిగాను. "నా పేరు చెప్పకపోతివేంది మామా?"

"చెప్తే నిన్ను గుడ కొడుతుండె. ఒక్కనితోని ఒడిసిపాయె గదా."

"నా మీద కోపం లేదా?"

"ఉన్నది. పోయి నీళ్ళు తే."

ఆ చెయ్యి మళ్ళీ భుజం దాటి లేవలేదు. సాంచ నడపలేక, ఆడవాళ్ళ మధ్య కూర్చుని కండెలకు నూలు చుట్టాడు, పోయేదాకా. ఎవరు చెప్పారన్నది మాత్రం అమ్మకు కూడా చెప్పలేదు.

గుట్ట ఇప్పుడు లేదు. రాయి కోసం పేల్చి పేల్చి లోయ చేశారు. ఇప్పపూల వాసన రాదు, అట్ట కత్తులు లేవు. నాటకానికి బదులు మందిరంలో గోడ మీద సినిమా వేసి చూపిస్తారు. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో రెండోది, దొంగతో చెప్పిన మాట, వివరించడం ఏటేటా నా వంతు. నోరున్నది కదా అని.

ఈ ఏడు లేచి నిలబడ్డాను. ఊపిరి లోపలికి పోయింది, బయటికి రాలేదు. మునివేళ్ళ మీద లేచి, "తప్పు నాది. దెబ్బలు మా మామ తిన్నడు," అన్నాను. అన్నీ చెప్పేశాను, హోటల్, చాయ్, మింగిన పేరు.

"ఆమెన్!" అన్నారు జనమంతా.

బయట చెప్పులు తొడుక్కుంటుంటే ఒక పిల్ల నా చెయ్యి పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఏం కథ అల్లినవు అత్తా! నిజంగ జరిగినట్టే ఉన్నది."