ముందే నింపిన కాగితం

నాలుగేళ్లుగా ఒక విషయం లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

షార్జాలో, అల్ నహ్దాలో ఒక క్లినిక్‌లో గుండె పరీక్షలు చేస్తాను. ఛాతీకి తీగలు అంటించి, నడుముకు చిన్న పెట్టె కట్టి పంపుతాం. హోల్టర్ అంటారు. ఒక రోజంతా గుండె ఎలా కొట్టుకుందో అందులో ఎక్కుతుంది. దాంతోపాటు ఒక కాగితం. ఎన్ని గంటలకు ఏం చేశారు, దడ వచ్చిందా, కళ్లు తిరిగాయా అన్నది పేషెంటు రాయాలి. ఇంగ్లీషు రాని కార్మికులకు మేమే అడిగి రాయాలి. నేను అడగడం మానేశాను. పని తెమలడం లేదని, వాళ్లు రాకముందే గడులన్నిటిలో ‘బాధలేవీ లేవు’ అని నింపి ఉంచేదాన్ని. చాలామంది అదే చెప్పేవాళ్లు కనుక తప్పనిపించలేదు.

మల్లేశం జగిత్యాల వైపు మనిషి. రాస్ అల్ ఖైమాలో క్వారీ పని. దడగా ఉందంటే డాక్టరు పెట్టె కట్టించారు. మే నెల, మాస్కుల రోజులు. మర్నాడు డ్యూటీ చేసి తీగలతోనే వచ్చాడు. నేను పట్టీలు తీస్తుంటే చెప్పాడు.

"మేడం, రెండింటికి క్రషర్ మెట్లెక్కుతుంటే కండ్లకు సీకట్లొచ్చినయ్. రాడ్డు పట్టుకున్న గని, లేకుంటే పడుదును."

కాగితం అప్పటికే నిండి ఉంది. కొత్తది రాయడానికి ఐదు నిమిషాలు చాలు. బయట ఆరుగురు కూర్చున్నారు.

"ఎండకి ఇక్కడ అందరికీ అలాగే ఉంటుందండీ. నీళ్లు బాగా తాగండి."

"అట్లనా? మీరన్నంక ఇగ రంది లేదు మేడం."

చెమటకు ఒక పట్టీ ఊడి, సరిగ్గా అతను మెట్లెక్కిన ఆ సమయంలోనే రికార్డు చెడిపోయింది. పెట్టె చెప్పలేనిది కాగితమే చెప్పాలి. డాక్టరు దాన్ని చూసి, బాధలేవీ లేవు కదా అని సంతకం పెట్టారు.

మూడు వారాలకు అతని రూమ్మేట్ రిపోర్టు కాపీ కోసం వచ్చాడు. మల్లేశం పనిలోనే కూలి చనిపోయాడట. ఎండదెబ్బేనని ఊళ్లో అనుకుంటున్నారట. గుండె మంచిగుందని మీరే రాసిచ్చారు కదా అన్నాడు. నిందించలేదు, అర్థంకాక అడిగాడు. నేను కాపీ మీద స్టాంపు వేసి ఇచ్చాను.

రాసి ఉంటే బతికేవాడా? తెలియదు. ఆ తెలియకపోవడం చాటున చాలాకాలం దాక్కుని, తెలియనప్పుడు తప్పు నాదెలా అవుతుందని నాకు నేనే వాదించుకుని, ఆ వాదనను నేనే నమ్మలేక ఎన్నిసార్లో మొదటికొచ్చాను. ఎండ అన్నప్పుడు అది ఎండేనని నేను నమ్మానా? లేదు. అతను త్వరగా లేచి వెళ్లాలని అన్నాను. సిగ్గుగా ఉంది.

క్షమించమని అడగడానికి ఆ మనిషి లేడు. మధ్యాహ్నం రెండు గంటలకు, క్రషర్ మెట్ల మీద, మల్లేశానికి కళ్లు చీకట్లు కమ్మాయి. ఇన్నాళ్లకు రాశాను.