కిటికీ చువ్వ వంగకూడదు

పోయిన వారం ఒక రాతిముక్క కోసం కుప్పం వెళ్లాను. గ్రానైటు కోసే షెడ్డులో, నీళ్లు పడుతున్న చక్రం కింద రాయి అరుగుతుంటే ఒక తడి వాసన లేస్తుంది. అది మట్టి వాసనా కాదు, ఇనుము వాసనా కాదు. ముక్కుకు తగలగానే నేను పుంగనూరులో, చెంగల్రాయప్ప తుపాకుల రిపేరు అంగట్లో, తడిసిన నల్లరాతి పలక ముందు కూర్చున్నట్టయింది. అలాంటి షెడ్డులోనే వెతికి ఆయన ఆ పలక తెచ్చాడు. దాని మీద గరుకు ఉప్పుకాగితం పరిచి, ఉక్కును బోర్లించి రుద్దడం నాకు నేర్పాడు. కుప్పం షెడ్డు మనిషి రాయి వంటింటికా అని అడిగితే తుపాకులకని చెప్పాను. నవ్వాడు. ఆ నవ్వు కూడా గుర్తుపెట్టుకున్నాను.

చెంగల్రాయప్ప దగ్గర చేరకముందు మదనపల్లెలో పట్టుదారం తీసే పనిలో ఉండేదాన్ని. వేన్నీళ్లలో ఉడికే పట్టుగూళ్ల మధ్య దారం కొస దొరికేది కంటికి కాదు, వేలికి. ఆవిరి పోవడానికి ఒక కిటికీ పెట్టించమని యజమానిని అడిగాను. మళ్లీ అడిగాను. అడుగుతూనే ఉన్నాను. నోరెక్కువని పనిలోంచి తీసేశారు. మా అమ్మకు తెలిసినవాళ్ల ద్వారా సంగతి విని చెంగల్రాయప్ప కబురు పంపాడు. లైసెన్సున్న రైతుల తుపాకులు బాగుచేసేవాడాయన. ఏనుగులను, అడవి పందులను బెదిరించడానికి వాడే పాత తుపాకులే ఎక్కువ. నన్ను కళ్లు మూసుకోమని ఒక ఉక్కుముక్క చేతిలో పెట్టి, మిట్ట ఎక్కడుందో చెప్పమన్నాడు. చెప్పాను. రేపటినుంచి రమ్మన్నాడు. పక్కనే ఆయన మేనల్లుడు రెడ్డెప్ప ఉన్నాడు. "అంట్లు తోమేదానికి మనిషి కావాల్నని నాతో చెప్పనేలేదే మామా" అన్నాడు. అంగట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ రోజు రెడ్డెప్ప వేసుకున్నది పచ్చగళ్ల చొక్కా, పై గుండీ ఊడిపోయి ఉంది.

ఆకురాయి పట్టిన ఉక్కు దుక్కి దున్నిన చేనులా ఉంటుంది. మొదట గరుకు కాగితంతో నిలువుగా, తర్వాత దానికంటే సన్నటి కాగితంతో అడ్డంగా, ఆపైన మళ్లీ నిలువుగా రుద్దాలి. పాత గీతలన్నీ పోయేదాకా కొత్త కాగితం ముట్టకూడదు. ఒక్క గీత మిగిలినా ఆ పూటకు కనపడదు. చివర్లో, అద్దంలా మెరిసేటప్పుడు, మొహం మీద గాటులా బయటపడుతుంది. నేను బాగుందనుకుని ఇచ్చినవన్నీ ఆయన మాట్లాడకుండా తిరిగి నా ముందు పెట్టేవాడు. ఒకరోజు పట్టలేక, రెడ్డెప్ప పనిని కూడా ఇలాగే చూస్తారా అని నిలదీశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"వాడు ఏదైనా మరిచిపోతాడమ్మా. నువ్వు మరిచిపోవు. పట్టుపనిలో నిన్నెవురు ఏమన్నారో అంతా ఒప్పజెప్తాండావు కదా. నిన్న పడిన గీతను ఈ పొద్దు గుర్తుపెట్టుకునేవాళ్లకే ఈ పని."

పుట్టినప్పటినుంచి నాకు అందరూ చెప్పింది ఒకటే: మనసులో పెట్టుకోకు, వదిలెయ్యి. పెట్టుకోమన్న మనిషిని అప్పుడే చూశాను.

ఆ అంగడికి ఒక ఆచారం ఉండేది. మెరుగు పెట్టినవాళ్లే ఆ పనిని రైతు చేతికివ్వాలి. నేను మెరుగు పెట్టిన వాటిని మాత్రం రెడ్డెప్ప తీసుకుపోయి తనవిగా ఇచ్చేవాడు. ఎందుకని అడిగితే, ఆడమనిషి రుద్దిందంటే తుపాకీకి మర్యాద ఉండదన్నాడు. నేరుగా పెద్దాయన చెంగల్రాయప్ప దగ్గరికి వెళ్లాను. ఆయన అంతా విన్నాడు.

"నేను చెప్తే ఇస్తాడు. ఇచ్చి, ఎనక నవ్వుతాడు. నీకు అది సాలునా?"

చాలదన్నాను.

"అయితే ఉండు."

కొన్నాళ్లకు కుప్పం వైపునుంచి నంజప్ప అనే రైతు తాతలనాటి జంట గొట్టాల తుపాకీ తెచ్చాడు. రెండు వైపులా ఉండే ఉక్కు బిళ్లలు తుప్పు తినేశాయి. పెద్దాయన కొత్తవి కోసి, గరుకుగా ఉండగానే ఒకటి రెడ్డెప్పకు, ఒకటి నాకు ఇచ్చాడు. ఎవరి బిళ్ల నిలుస్తుందో ఇకమీదట ప్రతి తుపాకీకీ మెరుగు వాళ్లదే, రైతు చేతికిచ్చేదీ వాళ్లేనన్నాడు. రెడ్డెప్ప దాన్ని జేబులో వేసుకుని మదనపల్లె బస్సెక్కాడు. స్టీలు గిన్నెలకు మెరుగు పెట్టేచోట గుడ్డచక్రానికి ఆనించి, మధ్యాహ్నానికల్లా తళతళలాడించి తెచ్చాడు. నేను అప్పటికి రెండో కాగితంలోనే ఉన్నాను. అతను ఈల వేస్తూ నా వెనకే తిరిగాడు. నేను తలెత్తలేదు. అన్ని కాగితాలూ అయ్యాక నూనెరాయి, ఆ తర్వాత తోలుముక్క పట్టాను. వేళ్ల చివర్లు పగిలిపోయాయి.

నంజప్ప వచ్చి ముందు రెడ్డెప్ప బిళ్లనే అందుకున్నాడు. అందులో తన పెద్ద మీసం చూసుకుని బలే ఉండాదన్నాడు. పెద్దాయన నంజప్పను కిటికీ దగ్గరికి పిలిచి, చువ్వలు అందులో కనపడేలా బిళ్లను పట్టి మెల్లగా జరపమన్నాడంతే. రెడ్డెప్ప బిళ్లలో చువ్వలు బకెట్టు నీళ్లలోలా వంకర్లు పోయాయి. అంచులు అరిగిన సబ్బులా ఉన్నాయి, మరమేకుల రంధ్రాలు గుంటలు పడ్డాయి.

"ఇదేందప్పా, నా మీసం ఒగపక్క లేసింది, ఒగపక్క పండుకోనుండాది" అన్నాడు నంజప్ప.

తర్వాత నా బిళ్ల తీసుకున్నాడు. ఎటు జరిపినా చువ్వ నిటారుగానే నిలిచింది. అతను చాలాసేపు జరుపుతూనే ఉండిపోయాడు.

"దీన్ని రుద్దిందెవురు?"

పెద్దాయన నా వైపు చూశాడు. నేను లేచి నిలబడి, బిళ్లను నంజప్ప నుంచి వెనక్కి తీసుకున్నాను. కొంగుతో తుడిచి, రెండు చేతులతో మళ్లీ అతనికిచ్చాను.

"నేను."

నంజప్ప దాన్ని కళ్లకద్దుకున్నాడు. రెడ్డెప్ప బిళ్లను బాగుచేయడానికి దారి లేదు. చక్రం తినేసిన అంచు తిరిగి రాదు. పెద్దాయన ఇంకొకటి కోసి, దాన్ని నాకు తెచ్చివ్వమని రెడ్డెప్పకే చెప్పాడు. అతను తెచ్చి నా ముందు పెట్టాడు. నవ్వలేదు.

చెంగల్రాయప్ప ఇప్పుడు లేడు. అంగడి లైసెన్సు రెడ్డెప్ప పేరుకు మారింది, మెరుగు పని మొత్తం నాది. నన్ను అందరూ మొండిదంటారు, ఏదీ మరిచిపోదంటారు. నిజమే, దాంతోనే నేను బతికాను. అది జబ్బు కాదు, పనిముట్టు అని చెప్పి నా చేతికిచ్చినవాడు ఆయనే. ఎవరైనా వచ్చి మెరుగు సంగతి అడిగితే, రెడ్డెప్ప గోడవైపు చూస్తూ "ఆయమ్మనడగండి" అంటాడు. అప్పుడు నేను రుద్దుతున్నది ఆపుతాను. తలెత్తి, ఆ మాట పూర్తిగా వింటాను.